పాత షీటు మీద కొత్త షీటు వేయించకండి

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, కథ తర్వాత. మీ మేడ మీద వాన నీళ్ళు దిగకుండా వేసిన పాత రబ్బరు షీటు ఉండి, అయినా శ్లాబు కారుతుంటే, దాని మీద ఇంకో షీటు వేయించకండి. పాతది మొత్తం పీకించండి. అడుగున శ్లాబు ఎలా ఉందో మీ కళ్ళతో మీరు చూడండి. నెలో రెండు నెలలో ఎండనివ్వండి. పైన ఏం వేయించాలన్నది ఆ తర్వాతి మాట. ఈ నాలుగు ముక్కలు 2014లో మాకెవరైనా చెప్పి ఉంటే, మా అమ్మ ఎనిమిదేళ్ళపాటు వాన పడ్డ ప్రతి రాత్రీ నిద్ర మానుకుని హాల్లో బకెట్లు జరుపుకుంటూ కూర్చునేది కాదు.

మాది బెజవాడ. నాన్న 1991లో కట్టించిన ఇల్లు. కింద వాటా అద్దెకిచ్చి పైన అమ్మానాన్న ఉంటారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పండక్కీ పబ్బానికీ వస్తుంటాను. పైన శ్లాబు 1200 చదరపు అడుగులు. ఇల్లు కట్టిన పది పన్నెండేళ్ళకే హాలు మూల చెమ్మ దిగడం మొదలైంది, 2006లో నాన్న షీటు వేయించారు. అది ఏడెనిమిదేళ్ళు బాగానే ఆపింది. 2014లో మళ్ళీ కారితే, చూడ్డానికి వచ్చినవాళ్ళు "పాతది గట్టిగానే ఉంది సార్, దాన్ని కదిలిస్తే అనవసరపు ఖర్చు, దాని మీదే ఇంకోటి వేసేస్తే డబుల్ ప్రొటెక్షన్" అన్నారు. నాన్న నమ్మారు. అప్పుడు నేనున్నా నమ్మేదాన్నే, ఎందుకంటే ఆ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ చెమ్మ.

మన దగ్గర అందరం రబ్బరు షీటు అంటాం గానీ నిజానికి అది తారు. తారులో ఏపీపీ అనే ప్లాస్టిక్ కలిపి, మధ్యలో పాలిస్టర్ గుడ్డలాంటి పొర పెట్టి, చుట్టలుగా చుట్టి అమ్ముతారు. చుట్ట ఒక మీటరు వెడల్పు, పది మీటర్ల పొడవు. మందం 3 మిల్లీమీటర్లో 4 మిల్లీమీటర్లో ఉంటుంది. శ్లాబు మీద తారు ప్రైమర్ పూసి, గ్యాస్ బర్నరుతో షీటు అడుగు వైపు కరిగిస్తూ దొర్లించుకుంటూ అంటిస్తారు. ఒక షీటు అంచు మీదికి పక్క షీటు నాలుగంగుళాలు ఎక్కాలి. పిట్టగోడ దగ్గర గోడ మీదికి కనీసం ఆరంగుళాలు పైకి తీసుకెళ్ళి, గోడలో గాడి కొట్టి, అంచు అందులో దూర్చి సిమెంటుతో మూసేయాలి. మా ఇంట్లో రెండుసార్లూ ఆ గాడి కొట్టలేదు. గోడకి ఊరికే అంటించి వదిలేశారు. ఎండకి ఆ అంచు ఊడి, ఎండిన అరటాకులా ముందుకి వాలిపోయింది. గోడ మీద పడ్డ వాన నీళ్ళు నేరుగా షీటు వెనక్కి దిగేవి.

షీటు వేసిన ఇళ్ళల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నీళ్ళు దూరే చోటు వేరు, కారే చోటు వేరు. పిట్టగోడ మూల దూరిన నీళ్ళు షీటుకీ శ్లాబుకీ మధ్య ఎక్కడ అంటుకోకుండా ఖాళీ ఉంటే అక్కడికి పాక్కుంటూ పోయి, పది పదిహేను అడుగుల అవతల ఏ బీట దొరికితే అందులోంచి ఇంట్లోకి దిగుతాయి. అందుకే కింద చుక్క పడుతున్నచోటుకి సరిగ్గా పైన ఎన్నిసార్లు అతుకు వేసినా ఉపయోగం ఉండదు. మేం అలాంటి అతుకులు ఆరు వేయించాం, పీకేటప్పుడు లెక్కపెట్టాను. ఇంకో సంగతి. వాన వెలిశాక మామూలు శ్లాబయితే రెండు రోజుల్లో ఆరిపోతుంది. షీటు కింద చిక్కిన నీటికి పైకి పోయే దారి లేదు. ఎండాకాలం వేడికి ఆవిరయి షీటుని పైకి ఉబ్బిస్తుంది, చల్లబడితే మళ్ళీ నీరై అక్కడే కూర్చుంటుంది. మేడ మీద షీటు బుడగలు బుడగలుగా లేచి ఉంటుంది చూడండి, అది ఇదే. దాని మీద ఇంకో షీటు పరిస్తే ఆ నీళ్ళకి ఇంకో మూత పెట్టినట్టే.

అమ్మ ఒక పని చేసేది. వాన వెలిసిన మర్నాడు నాన్న స్టూలు పట్టుకుంటే తనెక్కి, సీలింగ్ మీద చెమ్మ అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి, పక్కన చిన్న అంకెలతో తేదీ వేసేది. ఎందుకమ్మా అంటే "పెరుగుతోందో లేదో తెలియాలి కదే" అనేది. ఎనిమిదేళ్ళలో హాలు సీలింగ్ మీద ఒకదాని చుట్టూ ఒకటి ఎన్ని గీతలో, రంపంతో కోసిన చెట్టు మానులో వలయాలు చూసినట్టు ఉండేది. లోపలి గీత పక్కన 2016 జూలై. బయటిది వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 బెజవాడవాళ్ళం ఎవరం మరచిపోలేం. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు జనం రోజుల తరబడి మేడల మీదే ఉండిపోయారు, పాలూ నీళ్ళూ పడవల మీద వచ్చాయి. మా వీధిలోకి వరద రాలేదు, వాళ్ళ కష్టం ముందు మాది చెప్పుకోవాల్సింది కాదు. కానీ ఆ రెండు రోజుల వానకి మా పడగ్గదిలో సీలింగ్ పెచ్చు ఊడి నాన్న మంచం మీద కాళ్ళవైపు పడింది. నాన్న అప్పుడే లేచి బాత్రూమ్‌కి వెళ్ళారు కాబట్టి సరిపోయింది. పెచ్చు ఊడినచోట ఊచ కనపడుతోంది, తుప్పుతో ఉబ్బి పొరలు పొరలుగా లేచి ఉంది. ఊచ తుప్పు పట్టిందంటే అది ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటుని పగలదోస్తుంది, పగిలితే ఇంకా నీళ్ళు. అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. ఆ రోజే అనుకున్నాను, ఇక అతుకుల పని కాదు, ఎంతయినా సరే అడుగు దాకా వెళ్ళి చూడాల్సిందేనని.

ముగ్గుర్ని పిలిచాం. మొదటి ఇద్దరూ పైకెక్కి, నాలుగు మూలలా నడిచి, ఫోటోలు తీసుకుని, అదే మాట చెప్పారు. మీదనే ఇంకో పొర వేద్దాం, పదేళ్ళ గ్యారంటీ కాగితం ఇస్తాం. మూడో ఆయన పెద్ద కంపెనీ మనిషి కాదు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ముప్పయ్యేళ్ళుగా పనిచేస్తున్న తాపీ మేస్త్రి. ఆయన పైకెక్కగానే చెప్పులు విప్పి షీటు మీద అటూ ఇటూ నడిచారు. ఒకచోట ఆగి, కూర్చుని, అరచేత్తో అదిమి, పక్కకి జరిపారు. షీటు కింద ఏదో కదిలింది. "కోసి చూద్దామా మేడమ్?" అన్నారు. కత్తితో అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క నాలుగు వైపులా కోసి ఎత్తారు. పై షీటు అడుగున గోధుమరంగు నీళ్ళు, ఆగిపోయిన కాలవ వాసన. రెండో షీటు కోశారు. దాని అడుగున ఇంకా నీళ్ళు, శ్లాబు నల్లగా నాని వేలితో గీరితే పొడి పొడిగా వస్తోంది. అది నవంబరు ఆఖరు, వానపడి మూడు వారాలు దాటింది. ఆయన ఆ నీళ్ళు చూపించి నాన్నతో ఒకటే మాట అన్నారు, "దీన్ని మూసి మీ డబ్బులు తీసుకోలేను బాబుగారూ."

మీ ఇంటికి ఎవరు చూడ్డానికి వచ్చినా సరే, ఒక అడుగు ముక్క కోసి చూపించమని అడగండి. కోయడానికి ఒప్పుకోనివాళ్ళకి పని ఇవ్వొద్దు. కోసినచోట చిన్న అతుకు వేయడం అరగంట పని.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా మేస్త్రిగారే చెప్పారు. నేను ఎండాకాలం అనుకున్నాను, అందరూ అలాగే అనుకుంటారు, వానలకి ముందు ఏప్రిల్‌లోనో మే నెలలోనో. కానీ బెజవాడ ఎండలో తారు షీటు పీకడమంటే అది మెత్తబడి సాగుతుంది గానీ ఊడదు, కత్తికి అంటుకుంటుంది, చెప్పులకి అంటుకుంటుంది, మనిషికి వడదెబ్బ తగులుతుంది. సంక్రాంతి చలిలో అయితే ముసలి తారు బిరుసెక్కి పెళుసుగా విరుగుతుంది. పైగా వాన భయం తక్కువ, పీకాక శ్లాబు ఆరడానికి ఫిబ్రవరి, మార్చి మొత్తం చేతిలో ఉంటాయి. సంక్రాంతి పండగ వెళ్ళాక జనవరి 20న మొదలుపెట్టాం. నేను నెల రోజులు ఇంటి నుంచే పనిచేసుకుంటానని ఆఫీసులో అడిగి వచ్చేశాను.

రోజూ పొద్దున్న ఆరుకల్లా మేస్త్రిగారు, ఆయన కింద పనిచేసే ఇద్దరు (ఒక అన్న, ఒక అక్క) పైకి ఎక్కేవాళ్ళు. మంచు తడి ఇంకా షీటు మీద ఉండేది. ముందు పై షీటుని రెండడుగుల వెడల్పు పట్టీలుగా కోసుకుంటూ పోయారు. మామూలు కత్తి బ్లేడు కంటే కొక్కెంలా వంపు తిరిగిన బ్లేడు ఉంటుంది, అది శ్లాబుని గీయకుండా షీటుని మాత్రమే పట్టుకుని కోస్తుంది. ప్రతి పది కోతలకీ బ్లేడుకి తారు పట్టేస్తే కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాళ్ళు. కోశాక ఒకరు పట్టీ కొసని రెండు చేతులతో పట్టుకుని, పైకి కాకుండా తమ వైపుకి, నేలకి దగ్గరగా లాగితే, ఇంకొకరు పొడవాటి కర్రకి వెడల్పాటి ఇనప పలక బిగించిన గీరుడు పారని అడుగున తోసేవాళ్ళు. పైకెత్తి లాగితే షీటు చిరుగుతుంది, అంతే కాదు నడుం పోతుంది. నేను ఒక పట్టీ లాగి చూశాను. అంటుకున్నచోట పట్టుకున్న షీటు ఒక్కసారిగా వదిలినప్పుడు వచ్చే చప్పుడు, ఎండు పనసకాయ చీల్చినట్టు చర్రున, ఆ వారమంతా మా వీధి వీధంతా విన్నది.

పై షీటు మూడు పొద్దుల్లో అయిపోయింది. దాని అడుగున ఎక్కువచోట్ల నీళ్ళే, అంటుకున్నది తక్కువ. అసలు కష్టం అడుగు షీటుతో. 2006లో వేసినవాళ్ళు, వాళ్ళెవరో గానీ, అంటించడం మాత్రం శ్రద్ధగా అంటించారు. బుడగలున్నచోట చేత్తో వచ్చేసింది, మిగతాచోట్ల అరచెయ్యంత ముక్కకి పది సుత్తిదెబ్బలు. వెడల్పు ఉలి పెట్టి, వాలుగా, నెమ్మదిగా. ఒక మేస్త్రి పక్క వీధిలో పని చూసుకుని వెళ్తూ ఆగి, బ్రేకర్ మిషన్ పెడితే రెండు రోజుల్లో తేలిపోతుంది కదా అన్నాడు. మా మేస్త్రిగారు ససేమిరా అన్నారు. ముప్పయి నాలుగేళ్ళ శ్లాబు, అడుగున ఊచలు తుప్పు, దాని మీద మిషన్ అదురు పెడితే ఉన్న బీటలు పెద్దవవుతాయి, కింద సీలింగ్ ఊడుతుంది. గ్యాస్ బర్నరుతో కాల్చి గీరడం కూడా వద్దన్నారు, పొగ ఒకటి, మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు, కేబుల్ వైర్లు ఉన్నాయి. అడుగు షీటుకి ఎనిమిది పొద్దులు పట్టింది. రోజుకి మూడున్నర గంటలే పని, తొమ్మిదిన్నర దాటితే తారు మళ్ళీ జిగురు పట్టేది, ఆపేసేవాళ్ళు. రోజంతా పనిచేయించుకోవాలని చూడకండి, ఆ మూడున్నర గంటలకే పూర్తి కూలి ఇచ్చాం, మిగతా టైములో కింద సీలింగ్ పెచ్చులు దులిపే పని చేశారు.

మెట్ల గది పక్కన, పదకొండో రోజు అనుకుంటాను, అడుగు షీటు పెద్ద ముక్క ఒకటి ఊడి వచ్చింది. దాని కింద 1991 నాటి శ్లాబు మీద పూత ఏ మరకా లేకుండా, చీపురుతో గీసిన గీతలతో సహా అలాగే ఉంది. ఆ గీతల మీదుగా వరసగా నాలుగు పిల్లి అడుగులు. పూత పచ్చిగా ఉన్నప్పుడు నడిచి పోయినట్టుంది, నాలుగు వేళ్ళూ మధ్యలో మెత్తా స్పష్టంగా పడ్డాయి. నాన్నని పిలిచాను. ఆయన మోకాళ్ళ నొప్పితో మెల్లగా ఎక్కి వచ్చి, వంగి, ఆ గుంటలో వేలు పెట్టి, "నీళ్ళు పట్టేవాడు ఆ రోజు దాన్ని రాళ్ళేసి తరిమాడు" అన్నారు. ఇల్లు కట్టేటప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఇసక కుప్ప మీద ఆడుకోవడం తప్ప ఏమీ గుర్తులేదు. ఆ చోటు మాత్రం పొడిగా, గట్టిగా, సుత్తితో కొడితే కంగుమని మోగింది. షీటు సరిగ్గా అంటుకుని, నీళ్ళు చేరనిచోట శ్లాబుకి ఏమీ కాలేదు. నాకు ఆ ఒక్క చదరపు గజం చూశాక ధైర్యం వచ్చింది.

పీకిన సరుకు బరువు చాలామంది లెక్క వేసుకోరు. 4 మిల్లీమీటర్ల చుట్ట ఒక్కటి నలభై కిలోల పైమాటే. మా మేడకి ఒక్కో పొరకి పదమూడు చుట్టలు పట్టి ఉంటాయి, రెండు పొరలూ కలిపితే టన్ను దరిదాపు, అందులో నాని ఉన్న నీళ్ళు అదనం. పిట్టగోడ మీంచి వీధిలోకి విసరనివ్వలేదు. పట్టీలు చుట్టి గోన సంచుల్లో కట్టి, సంచికి పాతిక కిలోలు మించకుండా, తాడుతో దింపాం. పాత ఇనప సామాన్ల అతను తీసుకోనన్నాడు. పక్క ఖాళీ స్థలంలో కాల్చేయొచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి, తారు పొగ ఎంత నల్లగా, ఎంత ఘాటుగా ఉంటుందో రోడ్డు వేసేచోట నిలబడ్డవాళ్ళకి తెలుసు, పక్కింట్లో ఆయాసం ఉన్న పెద్దావిడ ఉన్నారు. బాగున్న ముక్కలు కొన్ని మేస్త్రిగారి తెలిసినవాళ్ళు గేదెల కొట్టం మీద కప్పుకోవడానికి తీసుకెళ్ళారు, మిగిలింది ట్రాలీ ఆటోలో కార్పొరేషన్‌వాళ్ళు చూపించిన చోటికి పంపాం. అద్దెకి రెండు ట్రిప్పులు.

షీటు పోయినా తారు మరక పోదు. శ్లాబు రంధ్రాల్లోకి దిగిన ప్రైమర్ నల్లగా ఉండిపోతుంది, దాని మీద సిమెంటు పూత గానీ తెల్ల రంగు గానీ పట్టదు, కొన్నాళ్ళకి పొరలా లేచిపోతుంది. కొందరు కిరసనాయిలు పోసి తుడుస్తారు, అది తారుని పలచన చేసి ఇంకా లోపలికి దించుతుంది తప్ప తీయదు. డైమండ్ చక్రం బిగించిన గ్రైండరుతో పైపైన అరగదీయాల్సిందే. నాలుగు రోజులు ఆ పని. దుమ్ము విపరీతం. మాస్కులు, కళ్ళద్దాలు నేనే కొని తెచ్చి ఇచ్చాను, ఊపిరాడ్డం లేదని మాస్కు దించేస్తుంటే అక్కతో రెండు మూడుసార్లు గొడవపడ్డాను కూడా. కింద బట్టలారేసుకునేవాళ్ళకి ముందు రోజే చెప్పాం.

ఆ మధ్యలో ఫిలడెల్ఫియాలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ళది వరస ఇళ్ళల్లో ఒకటి, చదును కప్పు, దాని మీద నిజం రబ్బరు షీటే, ఈపీడీఎం అంటారు. నల్లగా సైకిల్ ట్యూబులాగే ఉంటుంది, గమ్ముతో అంటిస్తారు. వాడూ కిందటేడే పాతది పీకించాడట. వాడు చెప్పిన ఒక సంగతి నా మనసులో ఉండిపోయింది. అమెరికాలో చాలాచోట్ల బిల్డింగ్ కోడ్ ప్రకారం కప్పు మీద అప్పటికే రెండు పొరలు ఉంటే మూడోది వేయనివ్వరు, ఉన్నవన్నీ పీకాల్సిందే. పాత కప్పు నాని ఉన్నా దాని మీద కొత్తది వేయకూడదు. మనకి 2014లో అదే నియమం ఉండి, ఎవరో ఒకరు అడిగి ఉంటే, అనుకున్నాను. చాలా ఇళ్ళల్లో ఇదే జరుగుతోంది, మా వీధిలోనే నాలుగిళ్ళ మీద రెండేసి పొరలున్నాయి, రెండిళ్ళవాళ్ళు వచ్చి మా శ్లాబు చూసి వెళ్ళారు.

శ్లాబు బయటపడ్డాక లెక్క తేలింది. పెద్ద బీటలు మూడు, వెంట్రుకంతవి చాలా. డిష్ యాంటెన్నా కోసం బోల్టులు కొట్టిన నాలుగు రంధ్రాలు, నేరుగా శ్లాబులోకి. నీళ్ళ వాటం తూముల వైపు కాకుండా మధ్యకి ఉంది, అందుకే ప్రతి వానకీ హాలు మీద నీళ్ళు నిలిచేవి. మేస్త్రిగారు కిందకి వచ్చి అమ్మ గీసిన పెన్సిల్ గీతలు చాలాసేపు చూశారు. గీతలన్నీ ఒకే వైపు, వంటింటి వైపు, సాగుతున్నాయి కదా, పైకెళ్ళి అదే దిక్కులో కొలుచుకుంటూ పోతే ట్యాంకు దిమ్మె పక్కన, ఇటుకల చాటున దాగిన నాలుగో బీట దొరికింది. "అమ్మగారి గీతలు లేకపోతే ఇది దొరికేది కాదు" అన్నారు. అమ్మ ఆ రోజు అందరికీ పెసరట్లు వేసింది.

తర్వాత నలభై రోజులు ఏమీ చేయలేదు. ఊరికే ఎండనిచ్చాం. అందరికీ ఇక్కడే టెన్షన్, పీకేశాం కదా వెంటనే మూసేయాలని. మబ్బు పట్టిన రెండు రాత్రులు టార్పాలిన్ కప్పాం, అంతే. ఆరిందో లేదో చూడ్డానికి తేలిక పద్ధతి ఉంది. ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ కవరు ముక్క శ్లాబు మీద పరిచి, నాలుగు అంచులా టేపు వేసి, ఒక పగలూ రాత్రీ వదిలేయాలి. ఎత్తి చూస్తే లోపలి వైపు నీటి బొట్లు ఉంటే ఆరనట్టు. ఫిబ్రవరి ఆఖరున హాలు మీద ఇంకా బొట్లు కనిపించాయి. మార్చి మూడో వారానికి అన్నిచోట్లా పొడి.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. బీటలు వెడల్పు చేసి పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపారు. కింద తుప్పు ఊచలు గీకి, మందు పూసి, మళ్ళీ మెత్తారు. శ్లాబూ పిట్టగోడా కలిసేచోట మూల లేకుండా గుండ్రంగా మెత్తారు. పాలిమర్ సిమెంటు పూత రెండుసార్లు, మధ్యలో జాలీ గుడ్డ. దాని మీద వాటం సరిచేస్తూ కొత్త పూత, వంద అడుగులకి ఒక అడుగు వాలు చొప్పున తూముల వైపుకి. తూములు మూసి రెండంగుళాల నీళ్ళు రెండు రోజులు నిలబెట్టి చూశాం. మా మేడకి రెండంగుళాలంటే అయిదున్నర టన్నులు, కాబట్టి పాత శ్లాబుల మీద అంతకంటే ఎక్కువ నింపకండి, కుదిరితే సగం సగం చేసి చూడండి. కింద చుక్క లేదు. ఆఖరున పైన తెల్ల పూత. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పుడు ఆఫీసులో దాని గురించి విన్నాను, ఎండని వెనక్కి పంపే తెల్ల కప్పుల గురించి. నల్ల షీటు కింద ఇరవై ఏళ్ళు ఉడికిన గదులు మావి. ఈ మే నెలలో రాత్రి పది దాటాక గోడ మీద చెయ్యి పెడితే మునుపటి సెగ లేదు, నాన్న ఏసీ వేయకుండా పడుకున్న రోజులున్నాయి.

జూన్ నుంచి వానలన్నీ చూశాం. మొన్న అక్టోబరు చివర్లో మొంథా తుపానుకి ఒక రోజంతా ముసురు పట్టింది, నేను హైదరాబాద్‌లో నిద్రపోలేదు, గంట గంటకీ ఫోన్ చేశాను. "పడుకోవే, బకెట్లు మేడ మెట్ల కింద పెట్టేశాను" అంది అమ్మ.

సీలింగ్‌కి రంగు మాత్రం ఇంకా వేయించలేదు. మరకలూ, పెన్సిల్ గీతలూ అలాగే ఉన్నాయి. దీపావళికే వేయిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుందా అంది, అప్పటి గీత కూడా సీలింగ్ మీద ఉంది, వెళ్ళి చూసుకోమంది. డిసెంబరు వెళ్ళాకే రంగు. రంగులతన్ని సంక్రాంతి ముందు వారానికి రమ్మని చెప్పి ఉంచాం.